బీరు తాగిన కంప్యూటర్

బసీలియా ల్యాంకె మొట్టమొదటి సొంత కంప్యూటర్ ఒక్క పూటైనా బతకలేదు. దాన్ని చంపింది దాని జ్ఞానతండ్రే.

సెనోబియోని మరీ తిట్టిపోయడానికీ లేదు. మా ఒరూరో ఊళ్ళో ఏ కొత్తదానికైనా ఒక జ్ఞానతండ్రి ఉండి తీరాలి. పుట్టిన పిల్లకుండాలి, పెళ్ళి కేకుకుండాలి, బస్సుకుండాలి. ఆయన చేతుల మీదుగా చాల్యా జరగాలి. రంగు కాగితాల దండలు వేసి, బీరు పోసి, భూమితల్లి పచమామ వాటా ఆమెకి ముట్టజెప్పాలి. లేకపోతే ఆ వస్తువు అచ్చిరాదు. సెనోబియో మినీబస్సు డ్రైవరు. జన్మంతా బస్సులకే చాల్యా చేసినవాడు. సీసా మూతి మీద బొటనవేలు పెట్టి గిలకొట్టి, బానెట్ నిండా నురగ చిమ్మించడంలో స్టాండు మొత్తానికీ అతనే మొనగాడు.

"ఇంజను ఆన్ చెయ్యి కొమాద్రే!" అన్నాడు ఆ శుక్రవారం పొద్దున. బసీలియా కూతురికి బాప్తిస్మంలోనూ జ్ఞానతండ్రి అతనే. అందుకే ఆమెకి అతను కొంపాద్రే, అతనికి ఆమె కొమాద్రే. "ఆపేసిన బండికి చాల్యా ఎవరైనా చేస్తారా? పచమామ నవ్విపోతుంది!"

బసీలియా ఆన్ చేసింది. కొత్త కంప్యూటర్ మెడలో కాగితాల దండలు, తెర మీద నీలాకాశం, పక్కనే ఎంబ్రాయిడరీ మెషిను. కుట్టు బల్లల మధ్య అదంతా పెళ్ళి పీటల మీద జంటలా ఉంటే ఆమె కళ్ళు చెమర్చాయి. సెనోబియో సీసా గిలకొట్టాడు. కంప్యూటర్ పెట్టె నెత్తిన గాలాడడానికి చిల్లులుంటాయని అతనికెవరు చెప్పారు?

ఠప్పుమంది. కాలిన ప్లాస్టిక్కూ బీరూ కలిసిన వాసన గదంతా కమ్మేసింది.

"తాగేసింది," అన్నాడు సెనోబియో, సీసా ఇంకా పైకెత్తే ఉంచి.

"నీ మొహం తాగింది! చంపేశావు కదయ్యా! సోమవారం నేను వాళ్ళకి ఏం చూపించను?"

అసలు సంగతి ఆ సోమవారమే. కార్నివాల్ రెండు వారాల్లో ఉంది. దయ్యాల నాట్యం ఆడే బృందమొకటి, ముందు వరసలో నడిచే దయ్యాలకి వీపంతా కప్పే కేపులు కుట్టమని బసీలియాకి పని ఇచ్చింది. ఆమె సొంత పేరు మీద వచ్చిన మొదటి పని అది. బృందం పెద్దకి మాత్రం లోపల బెరుకుగానే ఉంది. "సోమవారానికి రెండు కేపులు పూర్తిచేసి చూపించు దోన్యా బసీలియా. చూపించలేకపోతే పని దోన్ లియాంద్రోకి ఇచ్చేస్తాం. ఆయన చెయ్యి మాకు తెలుసు," అని మొహం మీదే చెప్పి వెళ్ళాడు.

దోన్ లియాంద్రో చెయ్యి! ఆ మాట వినగానే ఆమెకి ఒళ్ళు మండింది. కుట్టు షాపులుండే లా పాస్ వీధిలో దోన్ లియాంద్రో ఉర్కియెతా కుట్టుపని అంటే ఎరగనివాళ్ళు లేరు. ఆయన కేపుల మీద పాములు బుసకొడతాయనీ, కప్పలు ఎగిరి మీద పడతాయనీ చెప్పుకుంటారు. ఇక బల్లికైతే లియాంద్రో బల్లి అని ఒక పేరే వచ్చేసింది. ఆ బల్లిని మొదట కాగితం మీద గీసిందీ, దాని వీపు ఉబ్బెత్తుగా రావడానికి లోపల దూది కూరడం కనిపెట్టిందీ, పెళ్ళికాని రోజుల్నుంచీ ఆయన షాపులో మూలన కూర్చుని కుట్టిన బసీలియా. పోయిన చలికాలంలో ఒకరోజు, "మేస్త్రీ, ఒక్క కేపు అంచున, చిన్నగా, నా పేరు కుట్టుకుంటా," అని అడిగింది. ఆయన నవ్వాడు. తిట్టినా ఊరుకునేదేమో, నవ్వాడు. కత్తెర బల్ల మీద పెట్టి అప్పుడే బయటికొచ్చేసింది.

కాబట్టి ఈ రెండు కేపులూ పూర్తికాకపోతే పోయేది పని ఒక్కటే కాదు. మళ్ళీ ఆ మూలనే కూర్చోవాలి. ఆ నవ్వు కిందే.

సెనోబియో బస్సులో ప్రయాణికులందర్నీ దింపేసి, కంప్యూటర్ని ముందు సీట్లో పెట్టుకుని, ఇద్దరూ నెల్వా దుకాణానికి ఎగేసుకుని పోయారు. నెల్వా అరన్సిబియా కంప్యూటర్లు బాగుచేస్తుంది, సీడీలు అమ్ముతుంది, మొహమాటం అన్న మాట ఎరగదు. "నా దగ్గర సినిమాలు కాపీ, పాటలు కాపీ, సిస్టమ్‌లు కాపీ. ఒరిజినల్ నేనొక్కదాన్నే," అని ఆవిడే చెప్పుకుంటుంది. పెట్టె మూత విప్పి వంచింది. గ్లాసెడు బీరు కారింది.

"బోర్డు పోయింది," అంది నెల్వా. "ఇక ఇది లేవదు."

"మరి నా సిస్టమో?" బసీలియా సంచిలోంచి, కంప్యూటర్ని నడిపే ప్రోగ్రాం డిస్కున్న మెరిసే అట్టపెట్టె తీసింది. "ఒరిజినల్ కొన్నాను! ఇదీ దాంతోపాటు పోయినట్టేనా?"

నెల్వా అట్టపెట్టెని అటూ ఇటూ తిప్పింది. దాన్ని చూసి చాలాకాలమైనట్టుంది, కాస్త మురిపెంగానే తిప్పింది.

"ఇది పూర్తి సిస్టమ్ కాదు, అప్‌గ్రేడ్. నీ కంప్యూటర్ కొన్నప్పుడు దాంతో పాత సిస్టమ్ ఒకటి వచ్చింది. ఇదిగో, కంప్యూటర్ పక్కన ఈ స్టిక్కరే దాని గుర్తు. అది ఈ పెట్టెకే పుట్టింది, ఈ పెట్టెతోనే పోతుంది. కానీ విడిగా కొన్న ఈ అప్‌గ్రేడ్ నీ సొంతం. ఇంకో కంప్యూటర్‌కి మార్చుకోవచ్చు."

"మార్చెయ్ మరి! ఏదో ఒకటి ఇవ్వు!"

"ఆగమ్మా. ఆ ఇంకోదానికీ తనదంటూ అసలైన పాత సిస్టమ్ ఉండాలి. అప్‌గ్రేడ్ అనేది ఉత్త పెట్టె మీద కూర్చోదు. నా దగ్గరున్నవన్నీ విడి ముక్కలు తెచ్చి బిగించినవి, ఒక్కదానికీ స్టిక్కర్ లేదు."

బసీలియా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి మొహం వెలిగిపోతోంది. "అర్థమైంది! పాత కేపు చిరిగిపోతే దాని మీది బల్లిని విప్పి కొత్త కేపు మీద కుడతాం చూడు, అదే కదా ఇది? బల్లి నాది. ఎక్కడికైనా తీసుకుపోతాను. కానీ కుట్టడానికి కింద గుడ్డ ఉండాలి."

"అదే," అంది నెల్వా. "ఇంకోటి, బల్లి ఒక్కటే. ఒకే సమయంలో రెండు కేపుల మీద ఉండదు."

"ఎందుకొచ్చిన గొడవ కొమాద్రే," అన్నాడు సెనోబియో. "ఒక కాపీ ఎక్కించేయమందాం. ఊరంతా అదే కదా!"

బసీలియా ఒంటికాలి మీద లేచింది. "కాపీయా? నా బల్లిని ఊరంతా కాపీ కొట్టారు, నా పేరు మాత్రం ఎక్కడా లేదు. ఇప్పుడు నా షాపులో నేనే కాపీతో మొదలెట్టనా? బీరు పోసింది చాల్లేదా నీకు?"

"పైగా కాపీ మీద ఆ ఎంబ్రాయిడరీ ప్రోగ్రాం మొరాయిస్తుంది," అంది నెల్వా, తన సరుకు తనే తీసిపారేస్తూ. "పాము తోక సగంలో ఉండగా ఆగితే నన్నడగొద్దు." తర్వాత బుర్ర గోక్కుంది. "స్టిక్కరున్న పాత పెట్టె ఈ చుట్టుపక్కల ఒక్కటే చూశాను. దుమ్ము దులపడానికి ఒకసారి నేనే వెళ్ళాను. ఇప్పుడు దాని మీద పిల్లి పడుకుంటోందిట."

"ఎవరి పిల్లి?"

"దోన్ లియాంద్రో పిల్లి."

సెనోబియో టోపీ తీసి గుండెకి అదుముకున్నాడు, శవం వెళ్తుంటే తీసినట్టు.

దోన్ లియాంద్రో గుమ్మం దగ్గర బసీలియా ఆగి చూసింది. లోపల అదే మూల, అదే ముక్కాలి పీట. ఆయన కుట్టు చట్రం ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె పలకరించగానే తల ఎత్తాడు.

"వచ్చావా? కత్తెర నువ్వు పెట్టినచోటే ఉంది."

"కత్తెర కోసం రాలేదు మేస్త్రీ. ఆ పెట్టె కోసం వచ్చాను. పిల్లి పడుకున్నది."

జరిగినదంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. బీరు దగ్గరికి వచ్చేసరికి ఆయన మీసాలు కదిలాయి. సోమవారం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాయి.

"సోమవారం నువ్వు చేతులెత్తేస్తే పని నా ఒళ్ళో పడుతుంది. అందుకు నన్నే సాయం అడుగుతున్నావు. నీకు సిగ్గు లేదా, నాకు బుద్ధి లేదనుకున్నావా?"

"రెండూ ఉన్నాయి మేస్త్రీ. లేనిది పెట్టొక్కటే."

ఆయనకి నవ్వొచ్చింది కానీ మింగేశాడు. "స్టిక్కర్ కావాలన్నావు. ఇదిగో, బాగానే ఉంది, చూసుకో," అంటూ పిల్లిని తోసి పెట్టె పక్కన వేలు పెట్టాడు. ఆ వేలు స్టిక్కర్ మీద లేదు. జానెడు దూరంలో, షాకు కొడుతుంది జాగ్రత్త అన్న పసుపు ముక్క మీద ఉంది.

బసీలియా చట్రం వైపు చూసింది. అందులో ఒక బల్లి సగం కుట్టి ఉంది. దాని కన్ను ఉండాల్సినచోట లేదు, దవడ మీద ఉంది. విప్పి మళ్ళీ కుట్టి, మళ్ళీ విప్పిన జాడలు గుడ్డ నిండా ఉన్నాయి. ఆ చేతులు ఆమెకి సూది పట్టడం నేర్పిన చేతులు.

దారి తప్పిన ఆ కన్నుని ఆమె వేలితో తడిమింది.

"ఎప్పట్నుంచి మేస్త్రీ?"

"నువ్వు వెళ్ళకముందు నుంచీ." గొంతు చిరాగ్గా పెంచాడు. "నీ పేరు కుడతానన్నావు. నా పేరు నేను కుట్టుకోలేని స్థితిలో ఉన్నాను, అందుకే నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ పని నాకొస్తే ఏం చేస్తాననుకున్నావు? వీధి మధ్యలో నిలబడి గుడ్డివాణ్ణయ్యానని అరవనా? తీసుకుపో ఆ పెట్టె. కానీ ఒక షరతు."

"చెప్పండి."

"దీనికి జ్ఞానతండ్రిని నేను. ఆ బస్సువాణ్ణి దీని దరిదాపులకి రానివ్వొద్దు!"

గుమ్మం బయట సెనోబియో టోపీ మళ్ళీ గుండెల మీదికి వెళ్ళింది.

ముసలి పెట్టె బసీలియా షాపుకొచ్చింది. నెల్వా దాన్ని తుడిచి, పిల్లి బొచ్చు ఊది, ఆన్ చేసింది. పాత సిస్టమ్ నిక్షేపంగా లేచి కూర్చుంది. "గుడ్డ గట్టిదే," అంది నెల్వా. అప్‌గ్రేడ్ డిస్కు పెట్టింది. తెర మీద గీత మెల్లగా నిండుతుంటే బసీలియా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఆపి అనే మొక్కజొన్న జావ వేడివేడిగా కాచి తెచ్చింది, ఎవరూ తాగలేదు. చివరికి అట్టపెట్టె మీది నంబరు కొట్టారు. ఇది ఇదివరకే వేరే కంప్యూటర్‌లో ఉంది, ఒప్పుకోను అంది సిస్టమ్.

"ఇప్పుడేం చేస్తాం?" అంది బసీలియా.

"కంపెనీకి ఫోన్ చేస్తాం. ఆఫీసు తెరిచి ఉంటే మనిషి పలుకుతుంది," అంది నెల్వా.

ముందు మర పలికింది. అంకెలు చదవమంది. బసీలియా చదివింది. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివింది, ఈసారి జపమాల తిప్పుతున్నట్టు. అప్పుడొక అమ్మాయి గొంతు వచ్చింది. ఎత్తీ ఎత్తగానే అడిగింది: "ఈ లైసెన్సు ఎన్ని కంప్యూటర్ల మీద ఉంది సెన్యోరా?"

"హార్డ్‌డిస్కు పోయిందని చెప్పు," అని నెల్వా చెవిలో గుసగుసలాడింది. "కథలు చెప్పకు!"

బసీలియా ఊపిరి పీల్చుకుంది. "ఒక్కదాని మీదే తల్లీ. పాతది చచ్చిపోయింది. మా కొంపాద్రే చాల్యా చేస్తూ, నడుస్తున్నదాని నెత్తిన సీసాడు బీరు చిమ్మాడు."

నెల్వా నుదురు కొట్టుకుంది. అంతలో ఫోన్లోంచి కిసుక్కున నవ్వు.

"మాది పొతోసీ సెన్యోరా. మా నాన్న కొత్త టాక్సీకి బానెట్ ఎత్తి మరీ పోశాడు. నెల్లాళ్ళు షెడ్డులోనే ఉంది." గొంతు సవరించుకుంది. "సరే, పాతదాన్నుంచి తీసేసినట్టేనా? అది మళ్ళీ లేచినా ఇది అందులో ఉండకూడదు."

"లేస్తే నా చేత్తో విప్పి తీసేయిస్తాను. మాటిస్తున్నాను."

"రాసుకోండి," అంది అమ్మాయి. అంకెలు చెప్పింది. బసీలియా ఒక్కొక్కటీ గట్టిగా అరిచింది, నెల్వా కొట్టింది. ఆఖరి అంకె పడింది. తెర మీద మాట మారింది. అంతే! నెల్వా ఎగిరి గంతేసింది. సెనోబియో వీధిలోంచే ఈలేశాడు. బసీలియా ఫోన్‌ని ముద్దుపెట్టుకుని, "నీ కడుపు చల్లగుండ తల్లీ, నీకు మంచి మొగుడు దొరకాలి!" అంది. "ఉన్నాడు సెన్యోరా, మంచితనం సంగతే చూడాలి," అంది అమ్మాయి.

శనివారం పొద్దున దోన్ లియాంద్రో వచ్చాడు. కోటు తొడుక్కుని, తల దువ్వుకుని, నిజంగా బాప్తిస్మానికి వచ్చినట్టే వచ్చాడు. గ్లాసు అందుకుని నేల తడుముకుంటూ వంగాడు. గదికి నాలుగు మూలలా చుక్క చుక్క నేల మీద పోశాడు. కంప్యూటర్ మీద ఒక్క చుక్కైనా పడలేదు.

"తాగేది భూమి," అన్నాడు గుమ్మంలోని సెనోబియో వైపు తిరిగి. "పెట్టె కాదు. బస్సు కూడా కాదు, వింటున్నావా?"

"వింటున్నాను దోన్ లియాంద్రో," అన్నాడు సెనోబియో బుద్ధిమంతుడిలా.

మెడలో అమ్మవారి బిళ్ళతోపాటు వేలాడే పెన్‌డ్రైవ్ తీసి బసీలియా గుచ్చింది. తన పాము, తన కప్ప, తన బల్లి అందులోనే ఉన్నాయి. మెషిను గుర్రుమంది. బంగారు దారం ఎర్ర మఖమల్ మీద పరుగెత్తింది. మెషిను కుట్టినచోటల్లా ఆమె చేతులు వెంటపడి దూది కూరాయి, తళుకులు అద్దాయి. కళ్ళు మాత్రం ఆమె చేత్తోనే కుట్టింది. అవి మెషినుకి ఇవ్వనంది. ఆదివారమంతా నడుం ఎత్తలేదు. అలసట అన్నది తెలియలేదు ఆమెకి. ఇరవై ఏళ్ళ పిల్లలా లోపల్లోపల గంతులేస్తూనే ఉంది. ఆఖరున రెండు కేపుల అంచునా, పావలా బిళ్ళంత చోటులో, బసీలియా ల్యాంకె అని కుట్టింది.

సోమవారం బృందం పెద్ద వచ్చాడు. కేపు ఎత్తి వెలుతురుకి పట్టాడు. బల్లి వీపు వేలితో నొక్కాడు. "మిగతావి ఎప్పుడిస్తావు?" అన్నాడు. అంతకంటే మెచ్చుకోలు ఆయన నోట రాదు. బసీలియాకి అదే కొండంత.

ఆ వారంలోనే సెనోబియో డాబా మీంచి కేకలు పెడుతూ దిగాడు. చచ్చిన కంప్యూటర్ని తప్పు చేసిన బాధతో రోజూ ఎండబెడుతున్నాడు. మా ఎండ సంగతి తెలిసిందే, మాంసాన్నైనా చెక్కలా ఎండబెట్టేస్తుంది. అది లేచింది!

"రెండు కొమాద్రే! నీకిప్పుడు రెండు ఒరిజినల్లు! ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. పొతోసీ పిల్లకి మాటిచ్చాను," అంది బసీలియా. బోర్డు విషయంలో పొరబడినందుకు గొణుక్కుంటూనే నెల్వా అందులోంచి అప్‌గ్రేడ్ తుడిచేసి, దాని స్టిక్కర్ తాలూకు పాత సిస్టమ్‌నే తిరిగి పెట్టింది. దాన్ని బసీలియా స్వయంగా దోన్ లియాంద్రో ఇంటికి మోసుకుపోయి ఇచ్చింది, పెట్టెకి పెట్టె. పిల్లి వెంటనే ఎక్కి పడుకుంది.

కార్నివాల్ శనివారం వీధంతా బల్లలు, బాకాలు, జనం ఒకరి మీదొకరు చిమ్ముకునే నురగ. దోన్ లియాంద్రో ముందు వరసలో, ఏటా కూర్చునేచోటే కూర్చున్నాడు. బసీలియా ఆయన వెనక నిలబడింది. గుండె బాండు మేళంకంటే గట్టిగా కొట్టుకుంటోంది. మలుపు తిరిగి దయ్యాలు వచ్చాయి. కొమ్ములూగాయి. ఒక్కసారిగా గిర్రున తిరిగేసరికి ఆ కేపులన్నీ విచ్చుకున్నాయి. పాములు, కప్పలు, బల్లులు, ఎండలో బంగారం. వీధి వీధంతా హోరెత్తింది.

రేడియో అతను మైకు పట్టుకుని ఉరికి వచ్చాడు. వీధి పొడుగునా కట్టిన లౌడ్‌స్పీకర్లలో అతని గొంతు మోగింది. "చూశారా! లియాంద్రో బల్లి! దోన్ లియాంద్రో, ఈ ఏడు మీ కేపులు ఎన్నడూ లేనంత గొప్పగా ఉన్నాయి. ఏమంటారు?"

ఆయన ఔనంటే చాలు. ఊరు ఊరంతా నమ్ముతుంది, కేపు అంచున పావలా బిళ్ళంత పేరు అంత దూరం నుంచి ఎవడు చదువుతాడు?

దోన్ లియాంద్రో మైకు కోసం గాల్లో తడిమి పట్టుకున్నాడు.

"నావి కావు. బసీలియా ల్యాంకెవి," అన్నాడు. లౌడ్‌స్పీకర్లన్నీ ఆ పేరు పలికాయి. "ఇన్నేళ్ళూ నావి అనుకున్నారే, అవి కూడా ఆవిడవే."

మైకు వదిలేశాడు. మేళం మళ్ళీ అందుకుంది. జనం తిరిగి తిరిగి చూస్తున్నారు. ఆయన వెనక్కి తలతిప్పకుండానే చెయ్యి చాచాడు, ఆమె పట్టుకుంది.

"ఎలా ఉన్నాయే? నాకు మెరుపు తప్ప ఏం తెలియడం లేదు. బల్లి కన్ను సరిగ్గా పడిందా?"

"పడింది మేస్త్రీ," అంది బసీలియా ఏడుస్తూ. "మీరు నేర్పినచోటే పడింది."